ఆలస్యంగా వచ్చిన పీక్: కాలేయ కణపు చక్కెర గ్రాహకం మీద ఒక కేస్ స్టడీ

మా దగ్గరికి వచ్చిన పని చూడ్డానికి చిన్నదే. మందును నేరుగా కాలేయ కణాలకే చేర్చాలని చూస్తున్న ఒక బృందం మూడు అణువులు తయారు చేసి పంపింది. మూడింటికీ కొసన ఉన్నది ఒకే చక్కెర, ఎన్-ఎసిటైల్ గాలక్టోసమైన్. ల్యాబుల్లో అందరూ గాల్‌నాక్ అనేస్తారు, నేనూ అలాగే అంటాను. మొదటి అణువుకు ఒకటే చేయి. మిగతా రెంటికీ మూడేసి చేతులు, ప్రతి చేతి చివరా ఒక గాల్‌నాక్. ఆ రెంటి మధ్య తేడా చేతుల పొడవులోనే. గ్రాహకాన్ని ఏది గట్టిగా పట్టుకుంటుందో కొలిచి చెప్పమన్నారు.

మూడు వారాలు చాలనుకున్నాం, పది వారాలు పట్టింది. అందులో ఐదు వారాలు బతికున్న ప్రొటీన్‌ను చచ్చిందనుకుని మళ్లీ మళ్లీ తయారు చేయడానికే పోయాయి. ఈ రకం గ్రాహకాలతో కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లు అదే గోతిలో పడే అవకాశం ఎక్కువ కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

గ్రాహకం ఎలాంటిది

దీని పేరు అసియాలోగ్లైకోప్రొటీన్ రిసెప్టర్. కాలేయ కణాల ఉపరితలం మీద లక్షల సంఖ్యలో ఉంటుంది. 1960ల చివర్లో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనాటోల్ మోరెల్ రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ మీద పనిచేస్తూ దీని జాడ పట్టారు. ఆ ప్రొటీన్ మీది చక్కెర గొలుసుల చివర సియాలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని ఎంజైముతో కత్తిరించి కుందేళ్లకు ఎక్కిస్తే, ప్రొటీన్ నిమిషాల్లో రక్తంలోంచి మాయమై కాలేయంలో తేలింది. సియాలిక్ ఆమ్లం పోగానే దాని కింద దాగి ఉన్న గాలక్టోజ్ బయటపడుతుంది. కాలేయం గుర్తుపట్టింది దాన్నే.

చక్కెరలను పట్టే ప్రొటీన్లను లెక్టిన్లంటారు. ఇది వాటిలో సి-టైప్ లెక్టిన్ కుటుంబానికి చెందింది. ఇక్కడ ‘సి’ అంటే కాల్షియం. కుటుంబం పేరులోనే కాల్షియం ఉందన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత మా పరువు తీసేది అదే. చక్కెర ప్రొటీన్‌ను మాత్రమే పట్టుకోదు. ప్రొటీన్‌లో కూర్చున్న కాల్షియం అయాన్‌ను చక్కెర తన మూడో, నాలుగో కార్బన్ల మీది హైడ్రాక్సిల్ గుంపులతో నేరుగా పట్టుకుంటుంది. ఆ కాల్షియాన్ని మరోవైపు నుంచి పట్టి ఉంచే అమైనో ఆమ్లాలే అవే హైడ్రాక్సిళ్లతో హైడ్రోజన్ బంధాలు కూడా కడతాయి. లోహం, చక్కెర, ప్రొటీన్ మూడూ ఒకే ముడిలో ఉంటాయన్నమాట. లోహాన్ని తీసేస్తే ముడి వదులవడం కాదు, అసలు ముడే ఉండదు.

మరి మానోజ్ అనే మరో చక్కెరకూ గాలక్టోజ్‌కూ తేడా దానికి ఎలా తెలుస్తుంది? రెండూ ఆరు కార్బన్ల చక్కెరలే. గాలక్టోజ్‌లో నాలుగో కార్బన్ మీది హైడ్రాక్సిల్ నిటారుగా లేచి ఉంటుంది, మానోజ్‌లో పక్కకు వాలి ఉంటుంది. గ్రాహకం చూసేది ఆ వంపునే. మానోజ్‌ను పట్టే లెక్టిన్లలో కాల్షియం పక్కన గ్లూటమిక్ ఆమ్లం, ప్రోలిన్, ఆస్పరజిన్ వరుసగా ఉంటాయి. గాలక్టోజ్‌ను పట్టేవాటిలో ఆ చోట గ్లూటమిన్, ప్రోలిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. 1992లో కర్ట్ డ్రికమర్ మానోజ్‌ను పట్టే ప్రొటీన్‌లో ఈ రెండు అమైనో ఆమ్లాలనే మార్చి చూశాడు. దాని మొగ్గు గాలక్టోజ్ వైపు తిరిగింది. ప్రొటీన్ మిగతాదంతా అలాగే ఉంది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఇదే. ఒక పక్క ఆక్సిజన్ ఉన్నచోట నైట్రోజన్, ఇంకో పక్క నైట్రోజన్ ఉన్నచోట ఆక్సిజన్. అంత చిన్న మార్పిడితో గుర్తింపు తారుమారైంది.

గాలక్టోజ్‌కు ఇంకో ఆసరా కూడా ఉంది. దాని ఒక ముఖం మీద కార్బన్-హైడ్రోజన్ బంధాలు ఒకచోట చేరి ఉంటాయి, నీటికి అవి అంతగా గిట్టవు. ఆ ముఖానికి ఎదురుగా గ్రాహకంలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లపు వలయం పలకలా ఆనుకుంటుంది. నీటిలో కరిగే చక్కెరకు నీరు గిట్టని ముఖం ఒకటి ఉందంటే పిల్లలు ముందు నమ్మరు. అణువు నమూనా చేతికిచ్చి తిప్పి చూపిస్తే అప్పుడు ఒప్పుకుంటారు.

పీక్ ఆలస్యమైంది

పూర్తి గ్రాహకం పొరలో ఇరుక్కుని ఉంటుంది, దాన్ని బయటికి తీసి కొలవడం పెద్ద యాతన. కాబట్టి దాని రెండు ఉపభాగాల్లో హెచ్1 అనేదానిలో చక్కెరను పట్టే ముక్కను మాత్రమే బ్యాక్టీరియాలో చేయించాం. సుమారు 17 కిలోడాల్టన్ల ముక్క (డాల్టన్ అంటే అణువుల బరువుకు కొలమానం). అది బ్యాక్టీరియా లోపల ముద్దగా పేరుకుపోతుంది. ఆ ముద్దను యూరియాలో కరిగించి, కాల్షియం ఉన్న బఫర్‌లో, అంటే ఆమ్లత్వం మారకుండా చూసే ద్రావణంలో, నెమ్మదిగా మళ్లీ మడతపడనివ్వాలి. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

తర్వాత సైజును బట్టి వేరుచేసే కాలమ్ ఎక్కించాం. ఆ కాలమ్‌లో పెద్ద అణువులు ముందు వస్తాయి, చిన్నవి తర్వాత. ప్రొటీన్ బయటికి వచ్చేటప్పుడు గ్రాఫ్ మీద లేచే గుట్టనే పీక్ అంటాం. మా ప్రొటీన్ రావాల్సిన చోట రాలేదు. చాలా వెనక, పది కిలోడాల్టన్లకన్నా చిన్న ప్రొటీన్లు వచ్చే చోట వచ్చింది. పైగా పీక్ నిలబడకుండా వెనక్కి సాగిపోయి, పొడుగాటి తోకతో ఉంది.

జెల్ మీద చూస్తే ఒకే గీత, సరైన సైజులో. మాస్ స్పెక్ట్రమ్‌లో బరువు సరిగ్గా ఉంది. కాబట్టి తెగిపోలేదు. అయితే మడత చెడిపోయి, లోపల దాగాల్సిన భాగాలు బయటపడి, కాలమ్‌లో నింపిన రెజిన్ గుళికలకు అంటుకుంటోందని తేల్చుకున్నాం. ఈ ఊహలో తర్కం ఉంది, నిజంగా అలా జరిగే ప్రొటీన్లు ఉన్నాయి. ఉప్పు గాఢతను 150 నుంచి 500 మిల్లీమోలార్‌కు పెంచాం. పీక్ కదల్లేదు. విద్యుదావేశం వల్ల అంటుకోవడం లేదని అప్పుడే అర్థం కావాల్సింది. మేం మాత్రం మడత మరీ ఎక్కువగా చెడిందనుకున్నాం.

అయినా ఉన్నదాన్నే కొలిచి చూద్దామని, ప్రొటీన్‌ను చిప్ మీద నిలిపి, పైనుంచి చక్కెరను ప్రవహింపజేసి ఎంత అంటుకుందో చూసే ఎస్‌పీఆర్ యంత్రం మీద పెట్టాం. గాల్‌నాక్ పంపాం. గీత చదునుగా ఉంది. మూడు చేతుల అణువు పంపాం. అదీ అంతే.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. గాల్‌నాక్ బరువు 221 డాల్టన్లు, మా ప్రొటీన్‌ది 17,000. చిప్ మీద 3000 యూనిట్ల ప్రొటీన్ ఉందనుకుంటే, ప్రతి అణువూ ఒక్కో గాల్‌నాక్‌ను పట్టుకున్నా సంకేతం 39 యూనిట్లకు మించదు. కాబట్టి చిన్న చక్కెరతో గీత పెద్దగా లేవకపోవడం వింత కాదు. కానీ మూడు చేతుల అణువు చాలా బరువైంది, దానికైనా లేవాలి కదా. లేవలేదు కాబట్టి ప్రొటీన్ చచ్చిందని రాసేశాం. మళ్లీ మడతపెట్టాం. మళ్లీ అదే పీక్, అదే చదును గీత. మూడోసారి కూడా.

కాలమ్ దేంతో చేస్తారు?

ఐదో వారంలో పక్క ల్యాబులోని ఒక పెద్దాయన కాఫీకి వచ్చి, గోడకు అంటించిన క్రోమటోగ్రామ్, అంటే ఆ కాలమ్ గ్రాఫ్, చూశారు. ఆయన జీవితమంతా మొక్కల లెక్టిన్ల మీద పనిచేసినవారు. చూసి ఒక్కటే ప్రశ్న వేశారు. “ఈ కాలమ్‌లో గుళికలు దేంతో చేస్తారండీ?”

అగరోజ్, డెక్స్‌ట్రాన్ అన్నాను. అని ఆగిపోయాను.

అగరోజ్ అంటే గాలక్టోజ్ గొలుసు. మామూలు గాలక్టోజ్, దానిలోంచి ఒక నీటి అణువు పోయిన మరో రూపం, ఒకదాని తర్వాత ఒకటిగా పేర్చినట్టు ఉంటుంది. డెక్స్‌ట్రాన్ గ్లూకోజ్ గొలుసు. మేం గాలక్టోజ్‌ను పట్టే ప్రొటీన్‌ను గాలక్టోజ్ నిండిన గొట్టంలోకి వదిలి, అది దారిలో ఆగి ఆగి వస్తోందని తప్పుపడుతున్నాం. మొక్కల లెక్టిన్లతో పనిచేసేవాళ్లకు ఇది పాత విద్యే. ఆముదం గింజల లెక్టిన్‌ను అగరోజ్ గుళికల మీదే పట్టి శుద్ధి చేస్తారు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

ఆ మధ్యాహ్నమే నాలుగు పరుగులు చేశాం. కాల్షియం ఉన్న బఫర్‌లో ప్రొటీన్ ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. కాల్షియాన్ని లాగేసే ఈడీటీఏ కలిపితే సరిగ్గా 17 కిలోడాల్టన్ల చోట, తోక లేకుండా, నిటారుగా వచ్చింది. ఈడీటీఏ తీసేసి, కాల్షియంతో పాటు 50 మిల్లీమోలార్ గాల్‌నాక్ కలిపితే మళ్లీ సరైన చోటే. గాల్‌నాక్ బదులు అంతే మోతాదులో మానోజ్ కలిపితే ఆలస్యం అలాగే ఉండిపోయింది.

నాలుగో పరుగు నాకు ముఖ్యం. ఈడీటీఏ ఒక్కదానితో ఆగి ఉంటే, లోహం పోయి ప్రొటీన్ ఆకారం మారిందేమో అన్న అనుమానం మిగిలేది. గాల్‌నాక్ విడిపించి, మానోజ్ విడిపించలేకపోయిందంటే ప్రొటీన్ బతికి ఉండటమే కాదు, ఎవరిని పట్టాలో ఎవరిని వదలాలో కూడా దానికి తెలుసు. ఒక చక్కెర పట్టును నిరూపించాలంటే పోటీకి సరైన చక్కెరనూ, దాని తోబుట్టువు లాంటి తప్పు చక్కెరనూ రెంటినీ పెట్టాలి. ఒకటి పెట్టి సరిపెట్టుకున్న పత్రాలు చదివినప్పుడు నేను ఇప్పుడు కాస్త అసహనంగానే చదువుతాను.

మరి చిప్ ఎందుకు మాట్లాడలేదు

ప్రొటీన్ బాగుంటే ఎస్‌పీఆర్ గీత చదునుగా ఎందుకుంది? ఈ పని చూస్తున్న అమ్మాయిని బఫర్ గురించి అడిగాను.

“కాల్షియం వేశాను కదా మేడమ్. 2 మిల్లీమోలార్.”

“దేంట్లో వేశావమ్మా?”

“మెషిన్ బఫర్‌లోనే.”

సీసా తెచ్చి చీటీ చదివాం. హెపెస్ అనే బఫర్ పదార్థం, ఉప్పు, కొంచెం డిటర్జెంట్, 3 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఎస్‌పీఆర్ యంత్రాల్లో వాడే మామూలు బఫర్లలో ఈ పాళ్లు సర్వసాధారణం. ఈడీటీఏ ఒక అణువుకు ఒక కాల్షియాన్ని బిగించేస్తుంది, వదలదు. 3లోంచి 2 తీసేస్తే ఇంకా 1 మిల్లీమోలార్ ఈడీటీఏ ఖాళీగా, ఆకలిగా ఉంది. అది ప్రొటీన్‌లో ఉన్న కాల్షియాన్ని కూడా లాగేసుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగ పేరైతే సీసా మీదే రాసి ఉంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ సీసాను అన్ని ప్రొటీన్లకూ వాడటం మా ల్యాబు అలవాటు, ఆ అలవాటు చేసింది నేను.

కొత్త బఫర్ చేశాం. హెపెస్, 150 మిల్లీమోలార్ ఉప్పు, 5 మిల్లీమోలార్ కాల్షియం, ఈడీటీఏ సున్నా. శరీర ద్రవాల్లో స్వేచ్ఛగా ఉండే కాల్షియం 1.2 మిల్లీమోలార్ దరిదాపుల్లో ఉంటుంది, గ్రాహకం దాంతోనే పనిచేస్తుంది. మేం కాస్త ఉదారంగా వేశాం. ఫాస్ఫేట్ బఫర్ జోలికి పోకండి. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసి తెల్లగా విరిగి యంత్రపు సన్నటి గొట్టాలకు అడ్డం పడతాయి. ఇంకొకటి, ప్రొటీన్‌ను ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడు పది శాతం గ్లిసరాల్ కలపడం చాలామందికి అలవాటు. గ్లిసరాల్‌లో పక్కపక్కనే ఉన్న హైడ్రాక్సిళ్లు చక్కెర హైడ్రాక్సిళ్లలాగే కాల్షియం మీద కూర్చోగలవు. సి-టైప్ లెక్టిన్ల స్ఫటిక నిర్మాణాల్లో చక్కెర ఉండాల్సిన చోట గ్లిసరాల్ కనబడిన సందర్భాలున్నాయి. పది శాతం అంటే దాదాపు 1.4 మోలార్. యాభై రెట్లు పలచన చేసినా 27 మిల్లీమోలార్ మిగులుతుంది. మేం గ్లిసరాల్ మానేశాం.

గీత లేచింది. పట్టును కొలిచేది సగం గ్రాహకాలు నిండటానికి కావాల్సిన గాఢతతో, అది ఎంత తక్కువైతే పట్టు అంత గట్టిది. మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు మైక్రోమోలార్, దానిలో వెయ్యో వంతు నానోమోలార్. గాలక్టోజ్ పట్టు మిల్లీమోలార్ స్థాయిలో, గాల్‌నాక్ పట్టు పదుల మైక్రోమోలార్లలో. యాంటీబాడీలతో పనిచేసి వచ్చినవారికి ఇవి నవ్వొచ్చే అంకెలు. చక్కెర, లెక్టిన్ లోకంలో మామూలే. చక్కెరను పట్టే గుంట లోతుగా ఉండదు, ప్రొటీన్ ఒడ్డున చిన్న పళ్లెంలా ఉంటుంది. పైగా చక్కెర తన చుట్టూ ఉన్న నీటితో అప్పటికే హాయిగా హైడ్రోజన్ బంధాలు కట్టుకుని ఉంది. గ్రాహకం దగ్గరికి రావాలంటే ఆ బంధాలు తెంచుకోవాలి. కొత్తగా వచ్చేదానికీ పోయేదానికీ మధ్య మిగిలే లాభం చాలా తక్కువ.

మూడు చేతుల లెక్క

ఒక్కో పట్టు ఇంత బలహీనమైతే కాలేయం రక్తంలోంచి ఒక ప్రొటీన్‌ను నిమిషాల్లో ఎలా ఏరేస్తుంది? ఒకేసారి చాలా చేతులతో. 1980ల్లో వై.సి. లీ బృందం ఈ గ్రాహకం మీదే దీన్ని కొలిచింది. గాలక్టోజ్ కొస ఒకటి ఉన్న గొలుసు పట్టు మిల్లీమోలార్ స్థాయిలో, రెండు కొసలున్నది మైక్రోమోలార్‌లో, మూడు కొసలున్నది నానోమోలార్‌లో ఉంది. చక్కెరలు పెరిగింది మూడు రెట్లు, పట్టు పెరిగింది దాదాపు పది లక్షల రెట్లు. నాలుగో కొస చేరిస్తే మాత్రం అదనంగా వచ్చింది కొంచెమే. కొసల మధ్య దూరం కూడా సరిపడాలి, 15 నుంచి 25 ఆంగ్‌స్ట్రామ్‌ల మేర. గాల్‌నాక్ తగిలించిన ఆర్‌ఎన్‌ఏ మందులు నిలబడింది ఈ లెక్క మీదే. 2019లో అమెరికాలో అనుమతి పొందిన గివోసిరాన్‌లో ఉన్నవి మూడు గాల్‌నాక్‌లే.

మా చిప్ మీద మూడు చేతుల అణువులు రెండూ అద్భుతంగా అంటుకున్నాయి. అంత అద్భుతం నాకు నచ్చలేదు. చిప్ మీద ప్రొటీన్ కిక్కిరిసి ఉంటే, మూడు చేతుల అణువు దేన్ని దొరికితే దాన్ని పట్టుకుని, ఒకటి వదిలినా పక్కదాని మీదికి జారి అక్కడే తిరుగుతుంది. అప్పుడు మనం కొలుస్తున్నది అణువు గుణం కాదు, చిప్ రద్దీ. ప్రొటీన్ చివర, చిప్‌కు తగిలించే కొక్కెంలా పనికొచ్చే బయోటిన్ అనే చిన్న అణువును ఒక్కటే పెట్టి, చాలా పలచగా మరో చిప్ చేశాం. ఆ పలచటి చిప్ మీద పొడుగు చేతుల అణువుకూ పొట్టి చేతుల అణువుకూ తేడా దాదాపు లేదు. ఒంటి చేతి అణువుతో పోల్చినా గొప్ప ఆధిక్యం ఏమీ కనబడలేదు.

దీని అర్థం మూడు చేతులు వృథా అని కాదు. కణం మీద గ్రాహకం ఒంటరిగా ఉండదు. హెచ్1, హెచ్2 ఉపభాగాలు కాడల దగ్గర పెనవేసుకుని గుంపుగా నిలబడతాయి, వాటి తలల మధ్య దూరం ఆ గుంపే నిర్ణయిస్తుంది. మేం తల ఒక్కటే కోసి తెచ్చాం. చేతుల పొడవు గురించి తల ఒక్కదాన్ని అడిగితే ఏం చెబుతుంది?

కాబట్టి హెప్-జీ2 కాలేయ కణాల మీదికి వెళ్లాం. అణువులకు ఫ్లోరెసెంట్ రంగు తగిలించి, 4 డిగ్రీల దగ్గర కణాలకు ఇచ్చాం. ఆ చలిలో అణువు ఉపరితలానికి అంటుకోగలదు కానీ కణం దాన్ని లోపలికి లాక్కోలేదు. సగం కణాలను 37 డిగ్రీలకు వేడిచేశాం. తర్వాత కణాలను పళ్లెంలోంచి లేపి కొలిస్తే, వేడిచేసినవి మెరిశాయి, చల్లటివి సున్నా. అంటుకోకుండానే లోపలికి ఎలా పోయాయి?

ఈసారి నేను నోరు తెరవకముందే ఆ అమ్మాయి చెప్పింది. “ట్రిప్సిన్‌తో లేపాను మేడమ్. ఆ ట్రిప్సిన్‌లో ఈడీటీఏ ఉంది.” ట్రిప్సిన్ కణాలను పళ్లెంలోంచి ఊడదీసే ఎంజైము. దానిలోని ఈడీటీఏతో ఉపరితలం మీదివన్నీ రాలిపోయాయి. లోపలికి పోయినవి మాత్రమే మిగిలాయి.

అక్కడి నుంచి ఈడీటీఏ మాకు పనిముట్టు అయింది. ప్రతి నమూనానూ రెండు భాగాలు చేసి, పళ్లెంలోంచి లేపకుండానే ఒకదాన్ని కాల్షియం బఫర్‌తో, రెండోదాన్ని ఈడీటీఏతో కడిగాం. మొదటిది మొత్తం, రెండోది లోపలికి పోయినది, తేడా ఉపరితలం మీద ఉన్నది. కణం తన లోపల చేసేదీ ఇంచుమించు ఇదే. అణువును పట్టుకున్న గ్రాహకం లోపలి సంచిలోకి చేరాక అక్కడ ఆమ్లత్వం పెరుగుతుంది, కాల్షియం మీద గ్రాహకపు పట్టు సడలుతుంది, చక్కెర జారిపోతుంది. సరుకు దించేసిన గ్రాహకం ఖాళీ చేతులతో మళ్లీ ఉపరితలానికి వస్తుంది.

రంగు తనంతట తానే కణాలకు అతుక్కుంటుందేమో అన్న అనుమానానికి, అదే కాడ, అదే రంగు ఉంచి గాల్‌నాక్ బదులు మానోజ్ పెట్టిన అణువు ఒకటి చేయించాం. అది లోపలికి పోలేదు. సియాలిక్ ఆమ్లం తీసేసిన ఫెటుయిన్ ప్రొటీన్‌ను పోటీకి పెడితే మా మూడు చేతుల అణువులు రెండూ ఆగిపోయాయి. ఒంటి చేతిది ఎలాగూ పెద్దగా పోలేదు.

పొడుగు చేతులది పొట్టి చేతులదానికన్నా స్పష్టంగా ఎక్కువగా, తక్కువ గాఢతలోనే లోపలికి చేరింది. పలచటి చిప్ మీద రెండూ ఒకటే అని చూశాం కాబట్టి, ఈ తేడా ఒక్కో చక్కెర పట్టులోంచి రాలేదనీ, గుంపులోని తలల మధ్య దూరాన్ని పొడుగు చేతులు అందుకోగలగడంలోంచి వచ్చిందనీ చెప్పగలిగాం. కిక్కిరిసిన చిప్ అంకెలు ఒక్కటే పంపి ఉంటే రెండూ సమానమని రాసి, పొట్టిది తయారీకి సులువు కాబట్టి దాన్నే తీసుకోమని చెప్పి ఉండేవాళ్లం.

ఈడీటీఏ పరీక్షను కణం మీది ప్రతి చక్కెర గ్రాహకానికీ వాడొద్దు. గాలెక్టిన్లు కూడా గాలక్టోజ్‌నే పడతాయి, కానీ కాల్షియంతో వాటికి పని లేదు. సిగ్లెక్‌లనే మరో కుటుంబం సియాలిక్ ఆమ్లం మీది రుణావేశాన్ని అర్జినిన్ అనే అమైనో ఆమ్లంతో పట్టుకుంటుంది. ఈడీటీఏ వేసినా పట్టు చెక్కుచెదరకపోతే ముందు ఏ కుటుంబంతో పనిచేస్తున్నామో చూసుకోవాలి.

ఇప్పుడు మా ల్యాబులో ఈ రకం ప్రొటీన్ ఏ బ్యాచ్ వచ్చినా అదే అగరోజ్ కాలమ్ మీద రెండు పరుగులు చేస్తాం, కాల్షియంతో ఒకటి, ఈడీటీఏతో ఒకటి. రెండు పీకులూ ఒకేచోట వస్తేనే కంగారు పడతాం. ఆ బృందానికి పంపిన నివేదికలో మొదటి బొమ్మగా పెట్టింది కూడా కణాల ఫోటో కాదు, మొదటి వారంలో చెత్తబుట్టలో వేయబోయిన ఆ తోక పీకే.